స్పోర్ట్ ఎ.టి.వి.: కొనుగోలు, సంరక్షణ, దేహరక్షణ

రక్తపుపోటు, మధుమేహం, కీళ్ళనొప్పుల గురించి నేను వ్రాసినవి చదవడానికి అలవాటుపడిన పాఠకులకు ఒక బండి గురించిన వ్యాసం వింతగా తోచవచ్చు. అయితే స్పోర్ట్ ఎ.టి.వి. అనే నాలుగు చక్రాల బండి విషయంలో కొనడం, బాగుచేసుకోవడం, ఒంటిని కాపాడుకోవడం అనేవి మూడు వేర్వేరు అంశాలు కావు. దాని చైను తెగి చక్రంలో చుట్టుకొంటే నడిపేవారి భుజపుటెముక విరగవచ్చు. దాని టైరులో గాలి మోతాదు తప్పితే మలుపులో బండి తిరగబడవచ్చు. అందుచేత దానిని వైద్యదృష్టితో పరిశీలించడం అసందర్భం కాదని నా అభిప్రాయం.

నేను గుంటూరు ప్రాంతంలో మూడు దశాబ్దాలు శస్త్రవైద్యం చేసి విశ్రాంతి తీసుకొన్నాను. ఇప్పుడు ఏటా కొన్ని నెలలు అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి చేరువలో ఉన్న మా అమ్మాయి ఇంట గడుపుతుంటాను. అక్కడ ఊరు దాటితే ఎడారి. వారాంతాలలో ఆ ఎడారి దారులలో ఈ బండ్లమీద తిరిగేవారు చాలామంది ఉన్నారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. మా అల్లుడుగారికి కూడా ఆ కోరిక కలిగింది. “మామయ్యగారూ, ఒక పాత బండి చూడడానికి వెడుతున్నాను, మీరూ వస్తారా?” అని ఆయన అడిగిన నాటినుంచి ఈ విషయం మీద నా చదువు మొదలయింది. ఇంట్లో పదకొండేళ్ళ మనవడు ఉండడం వలన ఆ చదువు తీరిక వేళ కాలక్షేపంగా మిగలలేదు.

బండి స్వరూపం, పూర్వచరిత్ర

1970లో హోండా సంస్థ అమెరికాలో మూడు చక్రాల బండి నొకదానిని అమ్మకానికి తెచ్చింది. చలికాలంలో మోటారు సైకిళ్ళ అమ్మకాలు పడిపోతాయి కనుక, ఆ రోజులలో కూడా దుకాణదారులకు అమ్ముకోవడానికి ఏదో ఒక సరుకు కావాలన్నది దాని పుట్టుకకు కారణం. బెలూనుల వంటి పెద్ద టైర్లు, వాటిలో అతి తక్కువ గాలి ఉండడం వలన అది మంచుమీద, ఇసుకమీద, బురదమీద తేలినట్లు పోయేది. అయితే మూడు చక్రాల పీట సులువుగా ఒరిగిపోతుంది. 1980వ దశకంలో ప్రమాదాలు పెరిగాయి. ఆ దశకంలోనే సుజుకీ సంస్థ నాలుగు చక్రాల బండిని తెచ్చింది. 1985లో అదే సంస్థ వేగంకోసం ప్రత్యేకించిన క్వాడ్‌రేసర్ అనే బండిని విడుదల చేసింది. నేటి స్పోర్ట్ ఎ.టి.వి.లు ఆ వంశానివే.

1988లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘానికీ, ఈ బండ్ల తయారీదారులకూ న్యాయస్థానం ద్వారా ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. పెద్దల బండ్లను 16 సంవత్సరాలు నిండని పిల్లలకోసం అమ్మరాదనీ, కొన్నవారికి శిక్షణ అందుబాటులో ఉంచాలనీ అందులో నిర్ణయించారు. ఆ ఒప్పందం కాలపరిమితి 1998లో ముగిసినా, 2008లో వచ్చిన చట్టం భద్రతా ప్రమాణాలను తప్పనిసరి చేసింది.

ఈ బండ్లలో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. పొలాలలో, అడవులలో బరువులు మోసే పనిబండ్లు ఒక రకం. వాటికి ముందూ వెనుకా సామాను పెట్టుకొనే చట్రాలు, తరచు నాలుగు చక్రాలకూ శక్తి, గేర్లు మార్చనక్కరలేని ఏర్పాటు ఉంటాయి. రెండవ రకం స్పోర్ట్ బండి. ఇది తేలిక. ఇంజను శక్తి చైను ద్వారా వెనుక చక్రాలకు మాత్రమే అందుతుంది. చాలావాటిలో క్లచ్చును చేతితో, గేర్లను కాలితో వేసుకోవాలి. వేగాన్ని కుడి బొటనవేలితో నొక్కే మీట అదుపు చేస్తుంది. 686 సి.సి. యమహా రాప్టర్ 700ఆర్, 449 సి.సి. వై.ఎఫ్.జెడ్.450ఆర్, వాటికంటె చిన్నదైన హోండా టి.ఆర్.ఎక్స్.250ఎక్స్ ఈ కోవలోనివి. కొనేవారు ముందుగా తేల్చుకోవలసినది తమకు ఏ రకం కావాలన్న సంగతి. తోటపనికి స్పోర్ట్ బండి పనికిరాదు, ఇసుక దిబ్బల మీద పరుగుకు పనిబండి నప్పదు.

బండి బరువులో మన బరువు

కారు బరువు సుమారు 1,600 కిలోలు, నడిపేవారి బరువు 75 కిలోలు అనుకొందాం. మనిషి పాలు నూటికి ఐదైనా ఉండదు. మనం సీటులో ఎటు ఒరిగినా కారు లక్ష్యపెట్టదు. స్పోర్ట్ ఎ.టి.వి. బరువు 180 కిలోల ప్రాంతంలో ఉంటుంది. దానిమీద 75 కిలోల మనిషి కూర్చుంటే మొత్తం బరువులో నూటికి ముప్పై పాళ్ళు ఆ మనిషిదే. ఆ ముప్పై పాళ్ళు ఎక్కడ ఉన్నాయన్న దానిమీద బండి నిలకడ ఆధారపడి ఉంటుంది.

దీనికి తోడు వెనుక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించబడి ఉంటాయి. కారులో మలుపు తిరిగినపుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వడిగా తిరిగే ఏర్పాటు ఉంటుంది. స్పోర్ట్ బండిలో అది లేదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కనుక మలుపులో ఒకటి నేలమీద జారితీరాలి. ఇసుకలో, మట్టిలో అది సులువుగా జారుతుంది. పట్టు ఎక్కువగా ఉండే తారురోడ్డు మీద జారక మొరాయించి బండిని ఒరగదోస్తుంది. ఈ బండ్లను రోడ్లమీద నడపరాదని వాటిమీదే హెచ్చరిక అతికించి ఉండడానికి ఇది ఒక ముఖ్యకారణం. నడిపేవారు మలుపులో లోపలికి ఒరిగి, బయటి పాదపీఠం మీద బరువు మోపాలి. ఎగువకు పోయేటపుడు ముందుకు వంగాలి, దిగువకు వచ్చేటపుడు వెనుకకు జరగాలి. అంటే నడిపేవారి నడుము, మోకాళ్ళు, మణికట్లు బండి యంత్రాంగంలో భాగాలే.

గాయాలు కలిగే తీరు

గుంటూరులో పనిచేసిన కాలంలో నేను ఎ.టి.వి. గాయాన్ని చూడలేదు. కాని ట్రాక్టరు గట్టెక్కుతూ వెనుకకు తిరగబడగా దాని క్రింద నలిగిన రైతులను చూశాను. సైకిలు హ్యాండిల్ కడుపులో గుచ్చుకొన్న పిల్లలను చూశాను. ఎ.టి.వి. ప్రమాదాల గురించిన వైద్యపత్రాలు చదివినపుడు నాకు ఆ రోగులే జ్ఞాపకం వచ్చారు. దెబ్బ తీరు అదే.

బండి తిరగబడి ఛాతీ మీద పడితే పక్కటెముకలు విరగకపోయినా ప్రాణం పోవచ్చు. ఊపిరితిత్తులు విప్పారడానికి చోటు లేక శ్వాస ఆగుతుంది. ఇసుకలో ఒంటరిగా చిక్కుకొన్న మనిషికి 180 కిలోల బండిని తనమీదనుంచి తొలగించుకోవడం అసాధ్యం. హ్యాండిల్ పొట్టకు తగిలితే కాలేయం, ప్లీహం, క్లోమం చిట్లవచ్చు. పైకి కమిలిన మచ్చయినా ఉండకపోవచ్చు. పాదం పీఠంమీదనుంచి జారి వెనుక చక్రం క్రిందికి పోతే కాలి ఎముకలు విరుగుతాయి. విసరివేయబడినవారికి తలకు, వెన్నుపూసలకు, మణికట్టుకు, వాడుకలో మనం కాలర్ బోన్ అనే జత్రుకకు దెబ్బలు తగులుతాయి.

అమెరికాలో రోడ్డుకు వెలుపల తిరిగే ఇటువంటి వాహనాల వలన ఏటా 700కు పైగా మరణాలు, ఆస్పత్రుల అత్యవసర విభాగాలలో చికిత్స పొందే గాయాలు సుమారు 1,00,000 సంభవిస్తున్నాయని అక్కడి భద్రతా సంఘం లెక్కలు చెబుతాయి. గాయపడినవారిలో పిల్లల సంఖ్య తక్కువేమీ కాదు.

కొనేముందు పరీక్ష

రోగిని పరీక్షించడానికి ఒక వరుస ఉంది. ముందు చరిత్ర వినాలి. తరువాత చూడాలి, తాకాలి, చివరకు చెవిపెట్టి వినాలి. పాత బండి కొనేవారికి కూడా ఇదే వరుస పనికివస్తుంది.

చరిత్ర: యాజమాన్యపత్రం అమ్మేవారి పేరుమీదే ఉన్నదా, దానిమీద ఉన్న చాసిస్ సంఖ్యా, బండి చట్రంమీద చెక్కిన సంఖ్యా ఒకటేనా చూడాలి. సంఖ్య గీకివేసి ఉంటే అక్కడితో తిరిగి రావడం మంచిది. ఈ బండ్లు తరచు దొంగతనానికి గురవుతాయి. ఆయిలు ఎప్పుడు మార్చారు, ఇంజను ఎప్పుడైనా విప్పారా, పందేలలో నడిపారా అని అడగాలి.

చూపు: చట్రంలో అతుకులున్న చోట్ల, ముఖ్యంగా ముందు షాక్ అబ్జార్బర్లు బిగించిన చోట, పాదపీఠాల దగ్గర, సన్నని పగుళ్ళకోసం వెతకాలి. చైను తిరిగే స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపుకు వంగి కొక్కేలవలె ఉంటే చైను, స్ప్రాకెట్లు కలిపి మార్చవలసి ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత తెరచి, ఫిల్టరు దాటిన తరువాతి గొట్టంలో వేలు పెట్టి చూడాలి. అక్కడ సన్నని ధూళి తగిలితే అది ఇంజను లోపలికి కూడా పోయిందని అర్థం. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీరు చేరిందని అనుమానించాలి.

స్పర్శ: ముందు భాగాన్ని జాకీమీద లేపి, చక్రాన్ని పైనా క్రిందా పట్టుకొని ఊపాలి. కదలిక ఉంటే బాల్ జాయింట్లో, బేరింగులో అరిగినట్లే. కుడియెడమలుగా ఊపినపుడు కదిలితే స్టీరింగు కడ్డీల చివరలను కూడా అనుమానించాలి. వెనుక చక్రాలను లేపి తిప్పినపుడు అవి వంకరగా ఊగితే ఇరుసో, రిమ్మో వంగి ఉండవచ్చు.

వినికిడి: ఇంజను చల్లగా ఉన్నపుడు స్టార్టు చేయించాలి. మనం వెళ్ళేసరికే ఇంజను వేడెక్కి ఉంటే మరొక రోజు వస్తామని చెప్పాలి, ఎందుకంటే చాలా జబ్బులు చల్లని ఇంజనులోనే బయటపడతాయి. నీలిపొగ ఆయిలు కాలుతున్నదనడానికి గుర్తు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీటితో చల్లబడే ఇంజనులో కూలెంటు లోపలికి కారుతూ ఉండవచ్చు. నమ్మకమైన మెకానిక్కుచేత సిలిండరు కంప్రెషన్ కొలిపించడం మనం రక్తపరీక్ష చేయించడం వంటిది. దానికయ్యే డబ్బు వృథా కాదు.

మేము మొదట చూసిన బండి అద్దంలా మెరుస్తున్నది. వెళ్ళేసరికే ఇంజను వెచ్చగా ఉన్నది. ముందు షాక్ అబ్జార్బరు దగ్గర చట్రానికి ఒక అంగుళం మేర మాత్రం కొత్త నల్లరంగు ఉన్నది. అల్లుడుగారికి బండి నచ్చింది. “రంగు అందరూ వేయించుకొంటారు కదా మామయ్యగారూ” అన్నారు. “నిజమే బాబూ, కాని ఒక్క అంగుళానికే ఎందుకు వేయించారు?” అన్నాను. తోడు వచ్చిన ఆయన మిత్రుడు గోటితో గీకితే రంగు క్రింద పగులు కనిపించింది. అల్లుడికి మామగారు అడ్డుచెప్పడం మన ఇళ్ళలో అంత సులువైన పని కాదు. తిరుగు ప్రయాణంలో కారులో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

నెల తరువాత 400 సి.సి. తరగతి బండి దొరికింది. ప్లాస్టిక్కు వెలిసిపోయి ఉన్నది. కాని పాత యజమాని ఆయిలు మార్చిన తేదీలన్నీ చిన్న పుస్తకంలో వ్రాసుకొన్నాడు. ఆ పుస్తకాన్ని చూసిన తరువాత ఎవరికీ సందేహం మిగలలేదు. 700 సి.సి. బండి తీసుకోవాలన్న కోరికను అల్లుడుగారు తనంతట తానే వాయిదా వేసుకొన్నారు. శిక్షణ పొందక ముందే పెద్ద ఇంజను ఎక్కడం ఈత రాకుండా గోదావరిలో దిగడం వంటిది.

బండి ధరకు మించి కొంత సొమ్ము ముందే విడిగా ఉంచుకోవాలి. ముఖాన్ని, గడ్డాన్ని కప్పే హెల్మెట్టు, కళ్ళకు గాగుల్స్, చీలమండ దాటి పైకి వచ్చే గట్టి బూట్లు, చేతితొడుగులు, ఛాతీకీ వీపుకూ కవచం తప్పనిసరి. హెల్మెట్టు లోపలి నురుగు ఒక్క దెబ్బకే నలిగి తలను కాపాడుతుంది. అది తిరిగి యథాస్థితికి రాదు. అందుచేత ఒక ప్రమాదాన్ని చూసిన హెల్మెట్టును, పైకి బాగున్నా, మరల వాడకూడదు. ఎవరో వాడిన హెల్మెట్టు చవకగా వచ్చినా కొనకూడదు.

పిల్లవాని ప్రశ్న

బండి ఇంటికి వచ్చిన రోజునే మా మనవడు తండ్రి వెనుక కూర్చుంటానన్నాడు. అమ్మినాయన కూడా “ఏం ఫరవాలేదు, మా అబ్బాయిని ముందు కూర్చోబెట్టుకొని తిప్పేవాడిని” అన్నాడట. సీటు పొడవుగా ఉండడం చూసి ఇద్దరికి చోటున్నదని అందరూ అనుకొంటారు. ఆ పొడవు నడిపేవారు ముందుకూ వెనుకకూ జరగడానికి ఇచ్చినది. 35 కిలోల పిల్లవాడు వెనుక కూర్చుంటే బరువు వెనుక ఇరుసుమీదికి పోయి, ఎగువలో ముందుచక్రాలు లేస్తాయి. తండ్రికి వెనుకకు జరిగే వీలు పోతుంది. ముందు కూర్చోబెట్టుకొంటే పిల్లవాని పొట్టకూ హ్యాండిల్‌కూ మధ్య అడ్డు ఏమీ ఉండదు.

పిల్లలకోసం వయస్సును బట్టి తయారుచేసే చిన్న బండ్లు ఉన్నాయి. 6, 10, 12, 14 ఏళ్ళు దాటినవారికని వాటిమీద గుర్తించి ఉంటుంది. చిన్నవాటిలో వేగానికి కట్టడి కూడా ఉంటుంది. అయితే అమెరికా శిశువైద్యుల సంఘం 16 ఏళ్ళలోపు పిల్లలు ఏ ఎ.టి.వి.నీ నడపరాదనీ, ఎక్కరాదనీ సలహా ఇస్తున్నది. వైద్యుడిగా నా సలహా కూడా అదే. తల శరీరంతో పోల్చితే పెద్దదిగా ఉండడం, మెడ కండరాలు బలపడకపోవడం, బండిని ఒరగకుండా నిలిపే బరువు లేకపోవడం ఒక ఎత్తు. ప్రమాదాన్ని ముందుగా అంచనావేసే నేర్పు మెదడులో ఆలస్యంగా పరిపక్వం కావడం మరొక ఎత్తు.

నేను ఈ సంగతులు అమ్మాయికీ, అల్లుడుగారికీ చెప్పాను. నిర్ణయం తల్లిదండ్రులదనీ చెప్పాను. వారు పిల్లవాడికి 16 ఏళ్ళు వచ్చేదాకా వద్దని తేల్చారు. “తాతయ్యే వద్దన్నాడు” అని వాడు నాతో మూడు వారాలు సరిగా మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే. ఇంట్లో ఒక వస్తువు ఉంచి, దానిని తాకవద్దనడం పిల్లలకు పెద్ద శిక్ష. అప్పుడు అల్లుడుగారు వాడికి ఒక పని అప్పగించారు. పాత యజమాని ఇచ్చిన పుస్తకాన్ని వాడి చేతిలో పెట్టి, ప్రతి ప్రయాణానికి ముందూ బండిని పరీక్షించి అందులో వ్రాసే బాధ్యత వాడిదన్నారు. ఇంజను స్టార్టు చేయడం మాత్రం తండ్రే.

నిత్య సంరక్షణ

పిల్లవాని పుస్తకంలోని అంశాలను పాఠకులకోసం వివరిస్తాను.

టైర్లలో గాలి స్పోర్ట్ బండికి సాధారణంగా 4, 5 పి.ఎస్.ఐ. ప్రాంతంలో ఉంటుంది. కారులో 30కి పైగా ఉంటుంది కనుక కారు గేజీ ఇక్కడ పనికిరాదు. ఒక్క పి.ఎస్.ఐ. తేడా కూడా దీనికి పెద్ద తేడాయే. తక్కువ ఒత్తిడిని కొలిచే ప్రత్యేకమైన గేజీ కొనాలి. ఎడమ, కుడి చక్రాలలో గాలి సమంగా లేకపోతే బండి ఒకవైపుకు లాగుతుంది. కచ్చితమైన మోతాదుకు ఆ బండి యజమాని పుస్తకమే ప్రమాణం.

ఎయిర్ ఫిల్టరు ఈ బండికి ముక్కు వంటిది. నురుగుతో చేసిన ఫిల్టరును సబ్బునీటితోనో, అందుకై అమ్మే ద్రావకంతోనో కడిగి, పిండకుండా అదిమి, పూర్తిగా ఆరనిచ్చి, ఫిల్టరు ఆయిలు పట్టించి అమర్చాలి. ఎడారిలో తిరిగినవారు ప్రతి ప్రయాణం తరువాత ఈ పని చేయాలి. ఇసుకరేణువు సిలిండరులోకి పోతే అది ఉప్పుకాగితంలా గోడలను అరగదీస్తుంది.

ఇంజను ఆయిలునే క్లచ్చు పళ్ళేలు కూడా పంచుకొంటాయి. కార్లకై తయారుచేసిన కొన్ని ఆయిళ్ళలో రాపిడిని తగ్గించే రసాయనాలు ఉండడం వలన క్లచ్చు జారుతుంది. జె.ఎ.ఎస్.ఓ. ఎం.ఎ. గుర్తు ఉన్న మోటారు సైకిలు ఆయిలు వాడాలి. చైను వదులు పుస్తకంలో చెప్పిన మేరకు ఉండాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, మరీ వదిలితే చైను ఊడిపోతుంది. చక్రాల నట్లు, బ్రేకు పళ్ళేల మందం, వేగం మీట వదలగానే వెనుకకు వస్తున్నదా లేదా అనేవి ప్రతిసారీ చూడాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది.

పుస్తకంలో తొమ్మిదవ అంశం మణికట్టు త్రాడు. దాని ఒక కొస నడిపేవారి మణికట్టుకు, మరొక కొస హ్యాండిల్‌పైనున్న మీటకు తగిలించి ఉంటుంది. మనిషి పడిపోతే త్రాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. గత అక్టోబరులో తండ్రి ఇంజను ఆన్ చేసి ఉంచగా మనవడు త్రాడు లాగాడు. ఇంజను ఆగలేదు. లోపలి తీగ త్రుప్పుపట్టి తెగింది. “పనిచేయలేదు” అని వాడు పుస్తకంలో ఎర్రసిరాతో వ్రాశాడు. ఆ వారం ప్రయాణం మానుకొని దానిని మార్చారు.

ఈ పనులు చేసే గరాజి గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మూసిన గరాజిలో ఇంజను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొని ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. తలనొప్పి, వికారం, మత్తు వరుసగా కలిగి మనిషి కూలిపోతాడు. బండిని వెలుపలికి నెట్టి స్టార్టు చేయాలి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, నేలబారుగా ప్రాకుతుంది. అమెరికా ఇళ్ళలో చాలాచోట్ల గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం గరాజిలోనే ఉంటుంది. దాని చిరుమంట ఆ ఆవిరికి చాలు. పెట్రోలుతో చేతులు కడుక్కోకూడదు. వాడిన ఆయిలును ముట్టుకొనేటపుడు చేతితొడుగులు వేసుకోవాలి. కూలెంటులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లలో, పెంపుడు జంతువులో త్రాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒలికిన చుక్కను వెంటనే తుడవాలి, డబ్బాను ఎత్తున పెట్టి తాళం వేయాలి.

ఇసుక దిబ్బలమీద

కాలిఫోర్నియా ఆగ్నేయమూలన, అరిజోనా సరిహద్దుకు సమీపంలో ఇంపీరియల్ ఇసుక దిబ్బలు ఉన్నాయి. గ్లామిస్ అనే పేరుతో వాడుకలో ఉన్న ఆ దిబ్బలు 60 కిలోమీటర్లకు పైగా పొడవున వ్యాపించి ఉన్నాయి. కొన్ని 90 మీటర్ల ఎత్తు ఉంటాయి. వేసవి ఎండ తగ్గిన తరువాత, అక్టోబరు మొదలు జనం వస్తారు. అక్కడ ప్రతి బండికీ నేలనుంచి 8 అడుగుల ఎత్తున జెండా కనిపించేటట్లు కడ్డీ ఉండాలన్న నియమం ఉన్నది. దిబ్బకు అవతలనుంచి వచ్చే బండి కనిపించదు కనుక ఆ జెండాయే హెచ్చరిక.

దిబ్బకు గాలి వీచే వైపు వాలు మెల్లగా ఉంటుంది, అవతలి వైపు నిటారుగా జారిపోతుంది. ఎక్కేవారికి శిఖరం చేరేదాకా అవతల ఏమున్నదో తెలియదు. అందుచేత శిఖరం దగ్గర వేగం తగ్గించి, అవతల చూసిన తరువాతే దాటాలి.

నవంబరులో మేమందరం అక్కడికి వెళ్ళాము. అప్పటికి అల్లుడుగారు శిక్షణ పూర్తిచేసుకొన్నారు. రెండవరోజు ఉదయం ఒక దిబ్బ వాలుకు అడ్డంగా పోతుండగా ఇసుక జారి బండి దిగువకు ఒరిగింది. ఆయన నేర్చుకొన్న ప్రకారం ఎగువవైపుకు దూకారు. మణికట్టు త్రాడు ఊడింది, ఇంజను ఆగింది, బండి రెండుసార్లు దొర్లి తలక్రిందులై నిలిచింది. ఎడమ మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. కడుపును, మెడను నేను పరీక్షించాను. ఆ రోజు గంటగంటకూ నాడి చూశాను.

మిత్రులు బండిని లేపడానికి వెళ్ళినపుడు అల్లుడుగారు కూడా వెళ్ళారు. రాత్రి భోజనాల తరువాత నా దగ్గరకు వచ్చి కూర్చుని, “సీటు వెనుక ఇనుపపట్టీ ఇసుకలో జానెడు లోతున దిగింది మామయ్యగారూ. వాడు కూర్చుంటానన్నది అక్కడే” అన్నారు. ఇంకేమీ అనలేదు. ఇంటికి వచ్చాక వంగిన హ్యాండిల్, స్టీరింగు కడ్డీ మార్చారు. తొమ్మిదవ అంశం గురించి తండ్రి కొడుకుకు చెప్పారు. ఆనాటి నుంచి ఆ పుస్తకాన్ని వాడు తన బడిపుస్తకాల మధ్య పెట్టుకొంటున్నాడు.

ఎవరు ఎక్కకూడదు, దెబ్బ తగిలితే ఏమి చేయాలి

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అపిక్సబాన్ వంటి మందులు వాడేవారు, మూర్ఛలు అదుపులో లేనివారు, ఎముకలు బోలుబారినవారు, మెడ లేక నడుము పూసలకు శస్త్రచికిత్స జరిగినవారు, గర్భవతులు ఈ బండి ఎక్కకపోవడం మంచిది. ఇన్సులిన్ తీసుకొనేవారు బయలుదేరే ముందు చక్కెర చూసుకొని, తీపి పదార్థం జేబులో ఉంచుకోవాలి. మద్యం త్రాగినవారికి ఇక్కడ చోటు లేదు. ఎడారిలో ఎవరూ ఒంటరిగా పోకూడదు. దాహం వేయక ముందే నీళ్ళు త్రాగుతుండాలి. సెల్‌ఫోను పనిచేయని చోట్లకు ఉపగ్రహం ద్వారా సందేశం పంపే సాధనం తీసుకొనివెళ్ళాలి.

పడినవారిని తొందరపడి లేపకూడదు. మెడ కదలకుండా పట్టుకొని, ఊపిరి సరిగా ఆడుతున్నదా చూడాలి. ఊపిరికి అడ్డం లేనంతవరకు హెల్మెట్టు తీయకూడదు. రక్తం కారుతున్న చోట గుడ్డతో గట్టిగా అదమాలి. లేచి నడిచినా సరే, కడుపునొప్పి, ఎడమ భుజం కొసన నొప్పి, చెమటలు, నాడి వడిగా కొట్టుకోవడం, వాంతులు, మత్తు వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక ఆస్పత్రికి చేర్చాలి. చిట్లిన ప్లీహం తొలి గంటలలో మౌనంగా ఉండి తరువాత బయటపడవచ్చు.

మన తెలుగునాట ఈ బండ్లు సొంతంగా కొనేవారు తక్కువే. కాని హైదరాబాదు చుట్టుపక్కల సాహసక్రీడల కేంద్రాలలో, సెలవులకు వెళ్ళే విహారస్థలాలలో అద్దెకు ఇస్తున్నారు. అక్కడ బండిని విప్పి చూసే వీలు మనకు ఉండదు. అయినా బ్రేకు నొక్కి చూడవచ్చు, వేగం మీట వదిలితే వెనుకకు వస్తున్నదో లేదో గమనించవచ్చు, ఒకరికై చేసిన బండిమీద ఇద్దరిని ఎక్కించవద్దని చెప్పవచ్చు. పిల్లవాని తలకు హెల్మెట్టు వదులుగా ఉండి, సరిపోయేది లేదని నిర్వాహకులు చెబితే, టిక్కెట్టు డబ్బు పోయినా ఫరవాలేదు, పిల్లవాడిని దింపి తీసుకొని రండి.